పాల సంఘం రిపోర్టుకు రెండు దారులు

చిత్తూరు జిల్లాలోని ఒక పాల సంఘంలో మునిశేఖర్ అనే కంప్యూటర్ ఇంజనీరు ఉండేవాడు; పనిలో చురుకైనవాడే కానీ, ఆ పని ఎవరికోసం చేస్తున్నాడో వాళ్లని ఒక్క మాట అడిగే అలవాటు అతనికి లేదు.

ఆ సంఘం కింద అరవై ఊళ్లలో పాల కేంద్రాలు ఉండేవి. రైతులు పొద్దున, సాయంత్రం పాలు తెచ్చి పోసేవాళ్లు. కేంద్రంలో పాలు తూచి, వెన్న శాతం చూసి, ఆ వివరాలు కంప్యూటర్లో ఎక్కించేవాళ్లు. అవన్నీ పట్నంలోని పెద్దాఫీసులో ఉన్న ఒకే డేటాబేస్‌లోకి చేరేవి. పాలను చల్లగా ఉంచే ట్యాంకులు ఎన్ని డిగ్రీల మీద ఉన్నాయో కూడా ఐదు నిమిషాలకొకసారి అందులోనే నమోదయ్యేది.

ఒక ఏడాది సంఘం వాళ్లు రిపోర్టులు చూపించే కొత్త సాఫ్ట్‌వేర్ తెప్పించారు. మేనేజరు వసుంధర ఆ బాధ్యత మునిశేఖర్‌కి అప్పగించింది. అతను సాఫ్ట్‌వేర్ తెరవగానే అది మొట్టమొదట ఒక సంగతి తేల్చమని అడిగింది. డేటాబేస్‌తో ఎలా కలవాలి? దానికి రెండు దారులున్నాయి. ఒకటి లైవ్ కనెక్షన్. ఎవరు రిపోర్టు తెరిచినా అప్పటికప్పుడు డేటాబేస్‌ని అడిగి తాజా వివరం చూపిస్తుంది. రెండోది కాపీ. రోజుకొకసారి అంతా నకలు తీసి పక్కన పెట్టుకుని, ఎవరు ఏది అడిగినా ఆ నకలులోంచే చూపిస్తుంది.

"కేంద్రాల వాళ్లని ఒకసారి కనుక్కుంటావా?" అని అడిగింది వసుంధర.

"వాళ్లకి ఇవేం తెలుస్తాయి మేడమ్? తాజాగా ఉండేదే మంచిది" అని మునిశేఖర్ అన్నిటికీ లైవ్ కనెక్షన్ పెట్టేశాడు.

సోమవారం పొద్దున్నే ఆఫీసులో నలభై మంది ఒకేసారి కొత్త రిపోర్టులు తెరిచారు. మూడేళ్ల పాల వివరాలు పక్కపక్కన పెట్టి చూడసాగారు. అందరికీ జవాబులు వెతికి ఇవ్వడంతోనే డేటాబేస్‌కి ఊపిరాడలేదు. కేంద్రాలు పంపే వివరాలు తీసుకోలేక ఆగిపోయింది.

కాసేపటికి కోటగుట్టపల్లె నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి పాల కేంద్రాన్ని ఈశ్వరమ్మ ఇరవై ఏళ్లుగా నడుపుతోంది.

"నాయనా, కంప్యూటరు బిగుసుకుపోయింది. యాభై మంది క్యాన్లు పట్టుకుని నిలబడినారు. ఎండ ఎక్కుతా ఉంది" అంది.

"ఇక్కడ అందరూ రిపోర్టులు చూస్తున్నారమ్మా. కొంచెం ఆగండి."

"నేను ఆగుతాను. పాలు ఆగుతాయా?" అంది ఈశ్వరమ్మ.

మునిశేఖర్‌కి ఆ మాట గట్టిగానే తగిలింది. గబగబా లైవ్ కనెక్షన్ తీసేసి, అన్నిటికీ కాపీ పెట్టాడు. పొద్దుటి పాలు పోయడం అయ్యాక, రోజూ పదకొండింటికి నకలు తీసేలా అమర్చాడు. ఈసారి కూడా ఎవరినీ అడగలేదు. మర్నాటి నుంచి రిపోర్టులు చిటికెలో తెరుచుకున్నాయి. కేంద్రాల పనీ ఆగలేదు. అందరూ మెచ్చుకున్నారు. మునిశేఖర్ కాలరెగరేసుకుని తిరిగాడు.

పాలు మోసే ట్యాంకర్లను చూసుకునే ఖాదర్ బాషా అంతకుముందు రోజూ మధ్యాహ్నం కేంద్రాలు నడిపేవాళ్ల ఇళ్లకు ఫోన్ చేసి, వెళ్లి ట్యాంకు చూసి చెప్పమనేవాడు. రిపోర్టు వచ్చాక ఆ ఫోన్లు మానేశాడు. పదిహేను రోజుల తర్వాత, కేంద్రాలు మూసి ఉండే మధ్యాహ్నం పూట, కోటగుట్టపల్లెలో ట్యాంకును చల్లబరిచే యంత్రం ఆగిపోయింది. మూడింటికి బాషా రిపోర్టు చూశాడు. కోటగుట్టపల్లె నాలుగు డిగ్రీలు అని ఉంది. అది పదకొండింటి సంగతని అతనికి తెలియదు. బాషా నిశ్చింతగా వేరే పని చూసుకున్నాడు. ఐదింటికి ఈశ్వరమ్మ తలుపు తీసి ట్యాంకు మూత ఎత్తేసరికి గుప్పున పులిసిన వాసన వచ్చింది. రెండు వేల లీటర్ల పాలు పారబోయాల్సి వచ్చింది.

సంగతి తెలిసి మునిశేఖర్ మోటార్‌సైకిల్ మీద కోటగుట్టపల్లె వెళ్లాడు. పాలన్నీ కాలువలోకి పోతుంటే రైతులు గట్టున నిలబడి చూస్తున్నారు. అతనికి వాళ్ల ముఖాలు చూడడానికి మనసొప్పలేదు.

"తప్పు నాదేనమ్మా" అన్నాడు ఈశ్వరమ్మతో.

ఆమె తిట్టలేదు. "నన్ను అడిగుంటే చెప్పేదాన్ని నాయనా. పోయిన నెల ఎన్ని పాలు పోసినామో నాకు రేపు తెలిసినా ఫరవాలేదు. ట్యాంకు వేడెక్కితే మాత్రం ఆ నిమిషమే తెలియాల" అంది.

మునిశేఖర్ మర్నాడే ఒక నోటుపుస్తకం పట్టుకుని బయల్దేరాడు. వారం రోజులు ఊరూరూ తిరిగాడు. ఆఫీసులో ప్రతి బల్ల దగ్గరికీ వెళ్లాడు. "ఈ రిపోర్టు చూసి మీరేం చేస్తారు? ఇది ఎంత ఆలస్యమైతే మీకు ఇబ్బంది?" అని అందరినీ ఒకే తీరుగా అడిగాడు. చివరికి తేలిందేమిటంటే, ముప్పై రిపోర్టుల్లో ఇరవై తొమ్మిదింటికి నిన్నటి వివరాలు చాలు. ట్యాంకుల రిపోర్టు ఒక్కటే అప్పటికప్పుడు కావాలి. అతను ఇరవై తొమ్మిదింటినీ కాపీ మీదే ఉంచాడు. ట్యాంకుల రిపోర్టుకు మాత్రం లైవ్ కనెక్షన్ ఇచ్చాడు. అది కూడా పాత వివరాల జోలికి పోకుండా, ఒక్కో ట్యాంకు తాజా డిగ్రీలు మాత్రమే అడిగేలా పెట్టాడు. దాంతో డేటాబేస్‌కి బరువు కాలేదు.

మే నెలలో పట్నంలో సంఘం వార్షిక సమావేశం జరిగింది. కేంద్రాలకు తాళాలు వేసి అందరూ వచ్చారు. మధ్యాహ్నం రెండింటికి వసుంధర పెద్ద తెర మీద మూడేళ్ల రిపోర్టు చూపిస్తూ మాట్లాడుతోంది. వెనక వరసలో కంప్యూటర్ ముందు కూర్చున్న ఖాదర్ బాషా ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు.

"మేడమ్, మాట మధ్యలో అడ్డొస్తున్నా. కోటగుట్టపల్లె ట్యాంకు ఇందాక నాలుగు. ఇప్పుడు ఆరు" అన్నాడు.

ఈశ్వరమ్మ వెంటనే ఊళ్లోనే ఉండిపోయిన పక్కింటి గంగులప్పకు ఫోన్ చేసి, "మా ఇంట్లో తాళంచెవి తీసుకుని కేంద్రం తెరువు" అంది. బాషా ఆ దారిలో పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఖాళీ ట్యాంకర్‌ని అటు మళ్లించాడు. అది చేరేసరికి ఏడు డిగ్రీలు. మూడు వేల లీటర్లు ట్యాంకర్‌లోకి ఎక్కించి నేరుగా డెయిరీకి తోలారు.

నాలుగున్నరకి డెయిరీ పరీక్ష గది నుంచి ఫోన్ వచ్చింది. వసుంధర విని, మైకులో చెప్పింది. "పాలు బాగున్నాయి. ఒక్క లీటరు కూడా పోలేదు."

చప్పట్లతో హాలు మార్మోగింది. కోటగుట్టపల్లె రైతులు మునిశేఖర్‌ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. వేదిక మీదికి రమ్మని వసుంధర పిలిస్తే, అతను ఈశ్వరమ్మను కూడా వెంటబెట్టుకుని వెళ్లాడు.

"నాకు రెండు దారులు తెలుసు. ఏది ఎక్కడ కావాలో చెప్పింది ఈవిడే" అన్నాడు మైకులో. ఈశ్వరమ్మ కొంగుతో నవ్వు దాచుకుంది. చప్పట్లు ఇంకా ఆగలేదు.

అన్నిటికంటే కొత్తదీ, అన్నిటికంటే వేగమైనదీ ఎప్పుడూ మంచిదని అనుకోకూడదు. ఏ పనికి ఏ దారి తగినదో, ఆ పని చేసేవాళ్లని ముందుగా అడిగి తెలుసుకున్నవాడే గెలుస్తాడు.