ముష్టిమండ ధార

పూర్వం, నడిసముద్రంలో ఉన్న పడవలవాళ్ళు మబ్బుకొండ శిఖరాన్నే గురిపెట్టుకుని ఒడ్డుకు చేరే రోజుల్లో, ఆ కొండ మీది కీకారణ్యంలో పుట్టిన సిరిగెడ్డ మూడుచోట్ల మూడు ధారలై దూకి, తెప్పలరేవు అనే పల్లె దగ్గర సాగరంలో కలిసేది. వాగును అక్కడివాళ్ళు గెడ్డ అంటారు. పైధార వెనక రాతిగుహలో గెడ్డతల్లి వెలసి ఉన్నదనీ, ఆమె పంపిన నీరే కిందికి పారి సముద్రమయిందనీ, తీసుకున్నదాంట్లో ఒక్క కడవైనా తిరిగి సమర్పించకపోతే తల్లి నొచ్చుకుంటుందనీ తెప్పలరేవు జనం నమ్మిక. అందుచేత ఏటా జ్యేష్ఠమాసంలో, వానలకు ముందు, ఒక కడవ సముద్రజలం కొండ మీదికి మోసుకెళ్ళి పైధారలో పోసి వచ్చేవారు. దీనికి ఎదురుకడవ అని పేరు.

ఎదురుకడవకు నియమాలున్నాయి. ఇప్పటివాళ్ళు నవ్వితే నవ్వనీ, నియమం నియమమే. కడవ మోసే స్త్రీ అందరికంటే వెనక నడవాలి, మౌనం పాటించాలి, నీళ్ళు పోసేదాకా కడవ దింపకూడదు. అందరికంటే ముందు నడిచేవాడు దారిపెద్ద. ఆ పెద్దరికం జాకరవలస కొండదొరల ఇంటిది. దారి రెండుగా చీలిన ప్రతిచోటా అతడు పచ్చి మండ ఒకటి విరిచి తప్పుదారికి అడ్డంగా వేసి, అక్కడే నిలబడి, "ఎనకెవురు?" అని కేక వేయాలి. వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే తమ పేరు చెప్పి సాగిపోవాలి. చివర వచ్చే ఆమె పలకకూడదు గనుక చేతి గాజుతో కడవను తడుతుంది. ఆ చప్పుడు విన్నాకనే దారిపెద్ద కదలాలి. ఆమెకు తోడుగా మరెవరూ ఆగరాదు. ఆగే హక్కు అతడిదే.

మండకు ఏ చెట్టయినా పనికొస్తుంది, ఆకుతో సహా చేదువిషమైన ఒక్క ముష్టిచెట్టు తప్ప. ముష్టిమండ వేరే పనికి. ఒక ఇంటివాళ్ళు తమవాళ్ళలో ఎవరినైనా వెలివేస్తే, తాము నడిచే దారికి అడ్డంగా ముష్టిమండ వేస్తారు. అది తప్పుదారి అని కాదు దాని అర్థం. ఇది మా దారే, నీకు మాత్రం లేదు అని. వెలిపడిన మనిషి దాన్ని దాటదలిస్తే, మొదలు ఉన్నచోటికి కొస వచ్చేలా మండను తిప్పి దాటాలి. తిప్పారంటే ఆ ఇంటితో రక్తసంబంధం అక్కడికి సరి. ఒకసారి తిప్పిన మండను మళ్ళీ తిప్పడానికి లేదు.

ఆ కాలంలో దారిపెద్ద గాసిదొర. నడకలో, మాటలో ఒక వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకునేవాడు కాడు. తల్లిదండ్రులు పోయాక చెల్లెలు సుక్కిరిని వీపున కట్టుకుని పోడు కొట్టి పెంచాడు. ఆ సుక్కిరి, పెళ్ళీడు వచ్చాక, అన్నను అడగకుండా తెప్పలరేవు నుంచి ఎండుచేపల కావిడితో వచ్చే పోలయ్య వెంట వెళ్ళిపోయింది. గాసిదొర తిట్టలేదు, వెతకలేదు. వాకిలిదారికి ముష్టిమండ వేసి, ఆమె పేరు తన నోట రాకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

మరుసటేడు ఆమె బుట్టెడు చేపలు నెత్తిన పెట్టుకుని వచ్చి, మండ ఇవతలే పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడింది. గాసిదొర తడికసందులోంచి చూస్తూనే ఉన్నాడు. ఆమె మండ తిప్పలేదు. బుట్ట అక్కడే దింపి వెళ్ళిపోయింది. తిప్పలేదంటే ఇంకా తన చెల్లెలే అని ఆయనకు తెలుసు. తెలిసీ మండ తీయలేదు, బుట్ట ముట్టలేదు. మండ ఎండినప్పుడల్లా పోయి కొత్తది విరిచి తెచ్చి వేశాడు. అలా పన్నెండేళ్ళు. ఆయన చేతికి ముష్టికొమ్మ విరవడం చూడకుండానే చేసే పనైపోయింది.

ఆ పన్నెండేళ్ళలో చివరి మూడేళ్ళు వానలు లేవు. సిరిగెడ్డ మూడు ధారలూ మూడు తడిచారలయ్యాయి. తెప్పలరేవు చెలమల్లోకి ఉప్పు ఎక్కి, ఆ నీళ్ళు తాగి పసిపిల్లలు పోతున్నారు. సుక్కిరి రెండో బిడ్డ ఆ వేసవిలోనే పోయింది. ఆ కబురు జాకరవలసకు వచ్చింది. గాసిదొర విన్నాడు, గొడ్డలి పదును పెట్టుకుంటూ కూర్చున్నాడు. ఆ జ్యేష్ఠంలో కడవ ఎవరు మోయాలని గవ్వలు వేస్తే సుక్కిరికి పడింది.

కొండ మొదట్లో జనం పోగైనప్పుడు గాసిదొర ఆమెవైపు చూడలేదు. రేవుపెద్ద ఎల్లాజీ నోట్లో చుట్ట ఉండటం మాత్రం చూశాడు.

"ఆ చుట్ట పారేయ్."

"ఆర్పేసిందే దొరా. నోట్లో ఊరికే ఉంది."

"ఊరికే ఉండే నోటికి చుట్టెందుకు?"

జనం నవ్వారు. ఎల్లాజీ చుట్ట తీసి చెవిమీద పెట్టుకుని, "దగ్గొచ్చీనా తప్పేనేటి, ముందే సెప్పీ," అన్నాడు. దొర నవ్వలేదు. నడిచాడు.

మొదటిధార దాటి, అడ్డాకు తీగలు అల్లుకున్న మద్దిచెట్ల కిందుగా, ఎండిన వెదురు కిర్రుమంటుండగా ఎక్కారు. మొదటి చీలిక దగ్గర గాసిదొర ఇప్పమండ వేసి, నియమంగా నిలబడి, "ఎనకెవురు?" అని కేక వేశాడు. ఎల్లాజీ, అప్పన్న, నూకాలు అంటూ పేర్లు దాటిపోయాయి. అన్నిటికీ చివర కడవ మీద గాజు చప్పుడు, మూడుసార్లు. చిన్నప్పుడు అంబలికుండ మీద ఆ పిల్ల అలాగే మూడుసార్లు తట్టి అన్నను అన్నానికి పిలిచేది. ఆ చప్పుడుకు గాసిదొర గుండెలో ఏదో కదిలింది. కదిలినందుకు ఆయనకు ఆమె మీదే కోపం వచ్చింది. ఇంకోసారి ఆ చప్పుడు వినకూడదు అనుకున్నాడు.

రెండోధార దాటాక ఉన్న చీలిక ప్రమాదమైనది. కుడివైపు గట్టుదారి, అదే అసలుదారి. ఎడమవైపు గెడ్డ ఇరుకు. రెండు నిలువురాళ్ళ మధ్య వాగుగర్భంలోంచి సాగి పైధార అంచు మీదికి తేలుతుంది. లోపల ఉండగా నీరు వచ్చిందా, మనిషి తప్పుకునే చోటు లేదు. గాసిదొర చెయ్యి చాపి, అందిన కొమ్మ విరిచి, ఇరుకుకు అడ్డంగా పడేసి, గట్టెక్కడం మొదలుపెట్టాడు.

ఎల్లాజీ వెంటపడ్డాడు. "దొరా, ఎనక మా కడవుంది. నిలబడవా?"

"మండేసినాను."

"కేకెయ్యలేదు గదా."

"కళ్ళున్నోళ్ళకి కేకెందుకు? నాకు నడక నేర్పుతావేటి?"

"నీకు నేర్పీదేటుంది బావూ. ఆ అమ్మి నోరిప్పకూడదు. దారి తప్పితే మనల్ని పిలవనేదు. పోనీ నానుండిపోతాను."

"నీకు హక్కు నేదు," అన్నాడు గాసిదొర. "పలకనోళ్ళతో నానూ పలకను. నడు."

పైధార చేరి, పైన అంచు కనబడని గుహ ముందు అందరూ కూర్చున్నారు. పొద్దు నడినెత్తి దాటింది. కడవ రాలేదు. ఆడవాళ్ళు గట్టుదారి వైపు చూస్తున్నారు. గాసిదొర ధారవైపు తిరిగి కూర్చున్నాడు. చెవులు మాత్రం వెనకే ఉన్నాయి. అంతలో సముద్రం వైపునుంచి చల్లగాలి వీచి, ఆకాశం మూసుకుపోయి, తొలి చినుకులైనా లేకుండా, ఒక్కసారిగా కుండపోతగా వాన దిగింది. మూడేళ్ళ వాన. జనం లేచి గంతులేశారు, చేతులెత్తి తల్లికి దండాలు పెట్టారు. ఎల్లాజీ తడిసిన చుట్ట తీసి పారేసి, "కడవ రాకుండానే వానొచ్చీసిందర్రా!" అని అరిచాడు. అరిచినవాడు అరిచినట్టే ఆగిపోయాడు. నీళ్ళు పోయకుండా తల్లి వాన ఎందుకిస్తుంది?

గాసిదొర అప్పటికే గట్టు దిగి పరుగెడుతున్నాడు.

చీలిక దగ్గర మండ ఉంది. మొదలు ఉండవలసిన చోట కొస ఉంది. ఎవరో తిప్పి దాటారు. తప్పుదారి మండను ఎవరైనా తిప్పుతారా అనుకుంటూ ఆయన వంగి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. నున్నటి గుండ్రటాకు. తుంచి నాలుక మీద పెట్టుకున్నాడు. చేదు. అంతదాకా ఆయనకు తెలియదు తాను విరిచింది ముష్టి అని. చెయ్యి తనంతట తాను చేసిందో, మనసే చేయించిందో, ఆ తరవాత ఎంతమంది అడిగినా ఆయన చెప్పలేకపోయాడు.

సుక్కిరి ఆ మండ గుర్తును సరిగ్గానే చదివింది. ముష్టిమండ ఉన్నదంటే అన్న ఇరుకులోంచే జనాన్ని తీసుకుపోయాడు, ఆ దారి తనకు ఒక్కదానికే మూశాడు. తనకోసమైతే పన్నెండేళ్ళ కింద నిలబడినట్టే ఇవతల నిలబడేది. నెత్తిన కడవ ఉంది, కింద రేవులో పిల్లలున్నారు. అందుకని ఆ రోజు అన్నను వదులుకుని దాటింది.

అప్పటికి ఇరుకులో గెడ్డ ఎర్రగా, చెట్లను పెకలించుకుని, ఏనుగులమందలాగా వస్తోంది. గాసిదొర ఒట్టు మరిచి, "సుక్కిరీ! ఓలే సుక్కిరీ!" అని గొంతు చీలిపోయేలా పిలిచాడు. ఆ హోరులో ఆయన పిలుపు ఆయనకే వినబడలేదు.

మూడోనాడు నీరు తీశాక ఆయన ఒక్కడూ ఇరుకులోంచి ఎక్కి పైధార అంచుకు చేరాడు. అక్కడ రాతి మీద కడవ బోర్లించి ఉంది. ఖాళీ అయిన ఎదురుకడవను బోర్లించడం నియమం. ఆమె దాన్నీ తప్పలేదు. పక్కన దోసెడు రాతిగుంట నిండా నీళ్ళు. అంత వరద మీదినుంచి పోయినా, వేలుముంచి నాలుకకు తాకించుకుంటే సముద్రపు ఉప్పు. కడవ అంచున పోసిందనీ, పోసిన క్షణానే తల్లి పలికిందనీ, పలికిన ఆ నీరే ఆమెను తీసుకుపోయిందనీ అప్పుడు తెలిసింది. తెప్పలరేవు పడవలన్నీ గెడ్డ కలిసేచోట పదిరోజులు వెతికాయి. పోలయ్య ఇంకో పదిరోజులు వెతికాడు. మనిషి దొరకలేదు.

గాసిదొర ఇంటికి పోలేదు. చీలిక దగ్గరే రాయి మీద కూర్చున్నాడు. దారిన ఎవరు వచ్చినా రాకపోయినా, "ఎనకెవురు?" అని కేక వేసేవాడు. అందరూ దాటాక, "సుక్కిరీ" అని పిలిచి, చెవి ఒగ్గి ఉండేవాడు. మూడు జ్యేష్ఠాలు అలా గడిచాక ఆ రాతి మీదే పోయాడు. తిప్పిన మండ ఆయన పడి ఉన్నచోట నేలలో వేళ్ళూని చిగిర్చి ఉంది.

ఆనాటినుంచి రెండోధారకు ముష్టిమండ ధార అని పేరు. ఊళ్ళనుంచి సెలవులకు సంచులు తగిలించుకుని ధారలు చూడటానికి వచ్చేవాళ్ళు, ఇక్కడ పూర్వం బిచ్చగాళ్ళు ముష్టెత్తేవారట అని ఒకరికొకరు చెప్పుకుంటారు. అది తప్పు. తెలియకపోతే అడగాలి. చీలిక దగ్గర ఇప్పుడు బాణంగుర్తు బోర్డు ఉంది గనుక వాళ్ళు ఆగరు కూడా. జ్యేష్ఠంలో కడవతో వెళ్ళేవాళ్ళు మాత్రం ఈనాటికీ గాసిదొర రాయి దగ్గర ఆగుతారు, పేర్లు చెప్పుకుంటారు, వెనక గాజు చప్పుడు వింటారు, ఆఖరున దారిపెద్ద "సుక్కిరీ" అని పిలుస్తాడు, అందరూ మాట్లాడకుండా నిలబడతారు. ధార చప్పుడు తప్ప ఏమీ రాదు. అప్పుడు కదులుతారు. పైధార అంచున సుక్కిరి గుంట ఎన్ని వానలు కురిసినా ఉప్పగానే ఉంటుంది.

ఆ ముష్టిచెట్టునుంచి ఇంతవరకు ఎవరూ ఒక్క మండ విరవలేదు. విరవక, విరవక, దాని కొమ్మలు గట్టుదారికి అడ్డంగా పెరిగిపోయాయి. ఎంత పెద్దమనిషైనా అక్కడ తల వంచకుండా దాటడానికి వీల్లేదు.