నాలుగో పుక్కెడు నీళ్ళు

అనగనగా నడిసముద్రంలో ఒక బుల్లి దీవి. బుల్లిదంటే ఎంత బుల్లిది? ఈ ఒడ్డున ఆవు "అంబా" అంటే ఆ ఒడ్డున దూడ చెవులు రిక్కించేటంత. మనుషులు ఎప్పుడో పడవలెక్కి వెళ్ళిపోయారు. ఆవులు మాత్రం ఉండిపోయాయి.

ఆ ఆవుల్ని చూస్తే మీకు భలే ముద్దొచ్చేది పిల్లలూ! పెద్ద మేకపోతు కంటే కాస్త ఎత్తు, అంతే. అయితేనేం, మూపురం ఉంది, మెడకింద వేలాడే గంగడోలు ఉంది, రాజసానికి ఏ లోటూ లేదు.

దీవి చుట్టూ నీళ్ళే. తాగడానికి మాత్రం ఒకే ఒక్క చెలమ. చెలమంటే తెలుసుగా? ఇసుకలో గుంట తవ్వితే నీళ్ళు ఊరతాయే, అదే. ఆ చెలమ దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. ఏ ఆవైనా సరే, మూతి పెట్టగానే తాగెయ్యకూడదు. ముందు మూడు పుక్కెళ్ళ నీళ్ళు పక్కన ఇసుకలో వదలాలి. ఒకటి పడమటికి, ఒకటి తూర్పుకి, ఒకటి దక్షిణానికి. ఎందుకు వదులుతున్నారో ముసలి బూడిదవ్వకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అడిగినవాళ్ళూ లేరు.

ఆ ఏడు చెలమ కాపలా గవ్వ వంతు వచ్చింది. గవ్వ పడుచు ఆవు. నుదుటి మీద గవ్వ అంటించినట్టు తెల్లటి మచ్చ. పుట్టిన వారానికే తల్లి పోతే, బూడిదవ్వే దాన్ని నాకి, సాకి, ఇంతదాన్ని చేసింది. అవ్వంటే గవ్వకు ప్రాణం.

ఎండలు ముదిరాయి. చెలమ చిక్కిపోయింది. గవ్వ చెలమకు అడ్డంగా నిలబడి గట్టిగా చెప్పింది:

"ఇవాళ్టినుంచి ఇసుకలో నీళ్ళు వదలడాలు బంద్!"

బూడిదవ్వ తల అడ్డంగా ఊపింది. "వద్దే తల్లీ. అవి పారబోసిన నీళ్ళు కావు."

"మరి ఇసుక తాగుతుందా అవ్వా? నీ గొంతు తడవడం నాకు ముఖ్యం!" అంది గవ్వ.

గవ్వ మనసు మంచిదే. తొందరే ఎక్కువ.

మూడోనాడు గాలివాన వచ్చింది. వాన సముద్రంలోనే పడిపోయింది, దీవికి వచ్చింది గాలి మాత్రమే. ఎక్కడో ఒక పడవ బద్దలైనట్టుంది. తెల్లారేసరికి ఒడ్డున ఒక కొత్త ఆవు! కుంకుడుకాయ రంగు, పొడవాటి కాళ్ళు, పైగా నిండుచూలాలు. తూలుకుంటూ చెలమ దగ్గరికి వచ్చింది.

"చెల్లీ, నా పేరు కుంకుడు. సముద్రం అవతల ఉత్తరపు ఒడ్డునుంచి నన్ను పడవలో తెస్తుంటే ఇలా అయింది. కాసిని నీళ్ళు..."

"ఆగాగు!" గవ్వ కొమ్ములు అడ్డం పెట్టింది. "నీది మా దీవి నెత్తురేనా?"

"కాదమ్మా."

"మీ అమ్మది?"

"కాదు."

"పోనీ, మీ అమ్మమ్మది?"

"ఈ దీవి ఉందనే మా అమ్మమ్మకు తెలియదు తల్లీ!"

"అయితే వెళ్ళు. ఇవి ఇక్కడి నెత్తురున్నవాళ్ళ నీళ్ళు. మాకే చాలడం లేదు."

గవ్వ వీపు మీద ఎప్పుడూ ఒక కొంగ కూర్చుని ఉంటుంది. పేరు పుల్లయ్య, కాళ్ళు పుల్లల్లా ఉంటాయని. "గవ్వమ్మా, పాపం, ఒట్టిమనిషి కూడా కాదు," అని గొణిగాడు.

"నువ్వు పురుగులేరుకో పుల్లయ్యా!" అంది గవ్వ.

కుంకుడు వెళ్ళబోతూ చెలమలోకి తొంగి చూసి ఆగింది. "ఒక్కమాట చెల్లీ. దీన్ని మాత్రం లోతు చెయ్యకండి. మా ఒడ్డున..."

"మా చెలమ సంగతి మాకు తెలుసు!"

కుంకుడు ఇసుకగట్టు అవతలికి పోయింది. ఆకుల మీది మంచు నాకుతూ అక్కడే పడుకుంది.

గవ్వకు అవతలివాళ్ళు వద్దన్నదే చెయ్యాలనిపించింది. లోతుగా తవ్వితే ఎక్కువ నీళ్ళు వస్తాయి కదా, ఇందులో తెలియనిదేముంది? గిట్టలతో తవ్వింది. మోకాలి లోతు తవ్వింది. ఇంకా తవ్వింది. బుడబుడమని నీళ్ళు ఉబికి వచ్చాయి! ఆవులన్నీ "ఆహా!" అని గంతులేశాయి.

మొదటి ఆవు మూతి పెట్టి థూ అంది. రెండో ఆవు థూ థూ అంది. మూడోసారి గవ్వే మూతి పెట్టింది. ఉప్పు! ఒట్టి సముద్రపు ఉప్పు!

ఆ పూట గడిచింది. మర్నాడూ గడిచింది. ఆ మర్నాడు పొద్దున బూడిదవ్వ లేవలేదు. నాలుక ఎండిపోయి, కళ్ళు గుంటలుపడి ఇసుకలో అలాగే పడి ఉంది. గవ్వ పరుగున వచ్చి అవ్వ చెవులు నాకింది.

"అవ్వా, లే అవ్వా! నీకోసమే తవ్వాను. ఉప్పొస్తుందని నాకేం తెలుసు!"

"తెలిసినామె ఒకతె ఉందిగా. దాన్ని తరిమావు," అంది బూడిదవ్వ మెల్లగా.

"ఆవిడ మన నెత్తురు కాదుగా అవ్వా!"

బూడిదవ్వ అంత నీరసంలోనూ నవ్వింది. ఈ రోజుల్లోనైతే చదువుకున్నవాళ్ళు ఆవు తోక వెంట్రుక ఒకటి పీకి, దాని తాతముత్తాతలు ఏ ఒడ్డువాళ్ళో చెప్పేస్తున్నారు. ఆ దీవిలో ఆ పని బూడిదవ్వది. వెంట్రుకతో పనేలేదు, అంతా ఆమె నోటికే వచ్చు.

"మన నెత్తురా? విను. మొదట పడమటినుంచి ఒక తల్లి పడవలో వచ్చింది. మూపురం లేదు, పొట్టి కాళ్ళు. గుప్పెడు గడ్డితో కడుపు నింపుకునే గుణం ఆమెదే. తర్వాత తూర్పునుంచి ఇంకో తల్లి వచ్చింది. ఎండకు వాడని ఒళ్ళూ, నీ మూపురమూ, నీ గంగడోలూ ఆమె తెచ్చినవే. ఆఖర్న దక్షిణాదినుంచి ఒకతె తునిగిన పడవచెక్క పట్టుకుని ఈదుకొచ్చింది. గడ్డి లేనినాడు సముద్రపు నాచు తిని బతకడం ఆమె నేర్పిందే. నీ నుదుటి మచ్చ కూడా ఆమెదే. ముగ్గురూ దాహంతో వచ్చారు. మొదటామెకు మనుషులు, తర్వాతవాళ్ళకు ముందొచ్చినవాళ్ళు నీళ్ళిచ్చారు. ఇవ్వకపోయుంటే నువ్వూ లేవు, నేనూ లేను. ఆ మూడు పుక్కెళ్ళూ ఆ ముగ్గురు తల్లులకేనే."

పుల్లయ్య గవ్వ వీపు మీద అటూ ఇటూ నడిచాడు. "అలాగైతే గవ్వమ్మా, బయటినుంచి వచ్చినవాళ్ళని పంపెయ్యాలంటే మూపురం తూర్పుకి పంపాలి, కాళ్ళు పడమటికి, మచ్చ దక్షిణానికి. ఇక నేను దేనిమీద కూర్చోవాలి?"

మరోరోజైతే తోకతో ఒక్కటిచ్చేదే. ఇవాళ గవ్వ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మరి నాదంటూ ఏముందవ్వా?"

"దాహం," అంది అవ్వ. "అదొక్కటీ ఎవరూ తేనక్కర్లేదు. అందరికీ ఉంటుంది."

గవ్వ ఇసుకగట్టు అవతలికి పరుగెత్తింది. కుంకుడు పక్కకు ఒరిగి పడుకుని ఉంది. గవ్వ దాని ముందు మోకాళ్ళు వంచింది.

"అక్కా, తప్పు నాదే. నువ్వు తిట్టు, పొడువు, నీ ఇష్టం. మా అవ్వ దాహంతో పోతోంది."

కుంకుడు తిట్టలేదు. పొడవలేదు. మెల్లగా లేచింది. "తిట్లకు తీరిక ఎక్కడిది చెల్లీ? ముందు మీవాళ్ళని ఆ ఉప్పుగుంట పూడ్చమను. మనం ఇక్కడ తవ్వుదాం."

"ఎంత లోతు?"

"లోతే వద్దు! దీవి కింద ఉప్పునీరు ఉంటుంది. దానిమీద తీపినీరు తేలుతూ ఉంటుంది, పాలమీద మీగడలాగా. మీగడ కావాలంటే గిన్నె అడుగు గోకుతారా? పైపైన తియ్యాలి. వెడల్పుగా, పలచగా తవ్వు."

గవ్వ మెత్తగా, పలచగా గీరింది. తడి తగలగానే ఆగిపోయింది. కాసేపటికి ఇసుక మెరిసింది. ఆ తర్వాత గుంట నిండా తేటనీళ్ళు!

గవ్వ గొంతు అప్పటికి పిడచకట్టుకుపోయి ఉంది. అయినా తాగలేదు. "ముందు నువ్వు తాగక్కా," అంది. కుంకుడు తాగింది. గవ్వ పుక్కిట నీళ్ళు పట్టి పరుగెత్తి అవ్వ నోట్లో వదిలింది. మళ్ళీ వెళ్ళి తెచ్చింది. మూడోసారి తెచ్చేసరికి బూడిదవ్వ లేచి కూర్చుంది.

"ఇక నువ్వు కూడా తాగవే, పిచ్చిమొహమా," అంది.

గవ్వ చెలమలో మూతి పెట్టింది. ఒక పుక్కెడు పడమటికి వదిలింది. ఒకటి తూర్పుకి. ఒకటి దక్షిణానికి. ఆవులన్నీ చూస్తుండగా ఉత్తరానికి తిరిగి నాలుగోదీ వదిలింది. ఆ తర్వాతే తాగింది. నీళ్ళు అంత తియ్యగా ఉంటాయని దానికి అదే మొదటిసారి తెలియడం.

వానలు పడ్డాయి. కుంకుడు ఎర్రటి కోడెదూడను ఈనింది. ఆ దూడ పెరిగి గవ్వకు జోడైంది. వాళ్ళకు ఒక పెయ్య పుట్టింది. నుదుట తెల్లమచ్చ, బుల్లి మూపురం, చూడబోతే పొడవాటి కాళ్ళు!

ఆ పెయ్య మొదటిసారి చెలమ దగ్గరికి వచ్చిన రోజు గవ్వ దానికి ఆనవాయితీ నేర్పింది. ఎందుకో కూడా చెప్పింది. ఎందుకో చెప్పకుండా నేర్పడం ఆ దీవిలో మానేశారు.

"మూడూ ఆ ముగ్గురు తల్లులకి. మరి నాలుగోది?" అంది పెయ్య.

"అదిగో, గట్టుమీద పడుకుని నెమరేస్తోంది చూడు. మీ నాయనమ్మకి."

"అక్కడే ఉందిగా! ఇసుకలో వదలడమెందుకు? నేనే ఇచ్చొస్తా!"

పుక్కిట నిండా నీళ్ళు పట్టి, పొడవాటి కాళ్ళతో గట్టెక్కి పరుగెత్తింది పెయ్య. దారి పొడుగునా కారిపోగా, చేరేసరికి మూతికి ఒక్క చుక్క మిగిలింది. కుంకుడు ఆ చుక్కను ముద్దుగా నాకింది.

"చాలమ్మా," అంది. "దాహం తీరిపోయింది."

నీతి: మనలోని మంచి గుణాలన్నీ ఒకప్పుడు ఎవరో ఏ ఒడ్డునుంచో మోసుకొచ్చి ఇచ్చినవే, ఆ మేలు మరవనివాడు దాహంతో వచ్చిన కొత్తవాణ్ణి "నువ్వెవరి నెత్తురు" అని అడగడు.