పొత్తులగుట్ట జ్వాలాతోరణం

పూర్వం, ఈ గుట్టకు ఇంకా పేరంటూ లేని కాలంలో, ఎర్రవాగుకు ఇరుగట్లనూ ఉన్న పల్లెలను ధర్మబుద్ధితో ఏలిన నాయకుడొకడు శివసాయుజ్యం పొందబోతూ తన సీమను ఇద్దరు కొడుకులకూ సమంగా పంచిపెట్టాడు. వాగుకు తూర్పున ఉన్న పల్లెలు పెద్దవాడైన ముమ్మడినాయుడికి, పడమట ఉన్నవి చిన్నవాడైన వల్లభనాయుడికి దక్కాయి. భూమిని పంచినట్టే బుద్ధినీ పంచిపోయి ఉంటే ఈ కథ చెప్పుకోవలసిన అవసరమే ఉండేది కాదు. వారి తల్లి పోలమాంబ మాత్రం తాను ఎవరి వాటాకూ రానని చెప్పి, గుట్ట దిగువన చిన్న పర్ణశాల వేయించుకుని, గుట్టమీద వెలసిన స్వయంభూలింగానికి నిత్యం దీపారాధన చేసుకుంటూ కాలం గడిపేది.

ఒక వర్షఋతువులో తమ్ముడి ఆవులమంద వాగు దాటి అన్న చేలో పడింది. అన్న ఆ మందను బందెలదొడ్డికి తోలించాడు. అది న్యాయమే, ఎవరి గొడ్డయినా చేలో పడితే బందెలదొడ్డికి పోవలసిందే. అయితే తమ్ముడే వచ్చి అడగాలని అన్నా, అన్నే విడిచి పంపాలని తమ్ముడూ పంతానికి పోయి కదలక కూర్చున్నారు. మేతా నీరూ చూసే దిక్కులేక ఆ మూగజీవాలు కృశించిపోయాయి. వాటిలో చూడి ఆవు ఒకటి ఆ దొడ్డిలోనే, కడుపులోని దూడతో సహా ప్రాణం విడిచింది. ఆ వార్త విన్న వల్లభనాయుడు వివేకం కోల్పోయి, మనుషులను వెంటబెట్టుకుపోయి, మిగిలిన మందను విడిపించుకుని, అన్నగారి గడ్డివాములన్నిటికీ నిప్పు పెట్టించాడు. కొత్తపంట చేతికి రావడానికి ఇంకా చాలా కాలం ఉండగా తూర్పుపల్లెల పశువులకు పరక మిగలలేదు. ఎద్దు పుండు కాకికి ముద్దన్నట్టు, రెండు కొలువుల్లోనూ చేరిన చాడీకోరులకు మాత్రం ఆ పగ పండుగైంది.

కార్తిక పౌర్ణమినాటి సాయంసంధ్యలో ఆ గుట్టమీద జ్వాలాతోరణం వెలిగించడం అప్పటికే అనూచానంగా వస్తున్న ఆచారం. రెండు కొయ్యలు నాటి, వాటిమీద అడ్డకొయ్య కట్టి, దానికి గడ్డితాడు చుట్టి అగ్ని ముట్టిస్తే, ఆ మంట కిందుగా స్వామివారి పల్లకీ, దాని వెంట భక్తజనమూ నడిచిపోతారు. హాలాహలం మింగిన పతి క్షేమంగా ఉంటే అగ్నితోరణం కింద నడుస్తానని జగన్మాత మొక్కుకున్నదనీ, ఆ మొక్కుబడే ఈ పండుగకు మూలమనీ పెద్దలు చెబుతారు. లోకం బతకాలని విషాన్ని తన కంఠంలోనే నిలుపుకున్న స్వామికి చేసే ఉత్సవమది. అక్కడికి వచ్చేవాడు తన గొంతులోని విషాన్ని ఎదుటివాడిమీద కక్కడానికి వస్తే, ఎన్ని తోరణాలు దాటినా వాడికి ఒరిగేది ఒళ్ళు వెచ్చబడటమే.

ఏటా తోరణానికి గడ్డి పెద్దనాయుడి ఇంటినుంచే వచ్చేది. ఆ ఏడు అక్కడ బూడిద తప్ప ఏమీ లేదు. పైగా, తన గడ్డి తగలబెట్టినవాడు తోరణం కింద అడుగుపెడితే అక్కడే నరికిస్తానని ముమ్మడినాయుడు కబురు పంపాడు. అయితే కత్తి చేతబట్టుకునే వస్తానని వల్లభనాయుడు తిరుగు కబురు పంపాడు. అర్చకుడు విరూపాక్షయ్య భయపడి పర్ణశాలకు వచ్చి, ఈ ఒక్క ఏడాదికీ తోరణం మానుకుంటే స్వామి ఏమీ అనుకోడని పోలమాంబకు చెప్పుకున్నాడు. ఆ తల్లికి కావలసింది ఒక్కటే. పౌర్ణమి గడిచి తెల్లవారేసరికి తన బిడ్డలిద్దరూ ప్రాణాలతో ఉండాలి.

"తోరణం ఆపొద్దయ్యా. గడ్డి నేను తెస్తాను. నా బిడ్డల్ని కాయమని అమ్మవారిని అడగాలంటే నాకూ ఓ మొక్కుండాలిగా" అన్నది ఆమె.

నాయకుడి ఇల్లాలై పల్లకిలో తిరిగిన ఆ తల్లి కొంగు నడుముకు చుట్టుకుని, వాగుకు అటూ ఇటూ ఉన్న పల్లెల్లో గడపగడపకూ వెళ్ళి గుప్పెడేసి గడ్డి యాచించింది. మేత కరువైన తూర్పుపల్లెల వారు సైతం ఇంటికప్పునుంచి ఇన్ని పరకలు దూసి ఆమె చేతిలో పెట్టారు. ఆ దృశ్యం చూసినవారిలో కంటతడి పెట్టనివారు లేరట, నాయుళ్ళిద్దరూ తప్ప. వారు చూడనే లేదు, కత్తులు నూరించే పనిలో ఉన్నారు.

పౌర్ణమినాడు పొద్దు వాలుతుండగా పోలమాంబ గుట్టమీద ఆ గడ్డికుప్ప ముందు కూర్చున్నది. గడ్డితాడు ఒక్కరు పేనితే అయ్యేది కాదు. ఒకరు కూర్చుని పరకలు అందిస్తుంటే, ఇంకొకరు తాడు కొసను కర్రకు తగిలించి, మెలితిప్పుతూ వెనక్కు నడవాలి. సాయం చేస్తామని ముందుకు వచ్చినవారినందరినీ ఆమె వద్దని వారించింది. అంతలో తూర్పుమెట్లమీదుగా పెద్దకొడుకు, పడమటి మెట్లమీదుగా చిన్నకొడుకు, ఆయుధాలు పట్టిన బలగాలతో వచ్చి ఎదురెదురుగా నిలిచారు. ఆమె లేవలేదు, ఏడవలేదు, కాళ్ళు పట్టుకోలేదు.

"నాయనా ముమ్మడీ, నువ్వు చంపింది గొడ్డుని. నాయనా వల్లభా, నువ్వు తగలబెట్టింది గొడ్డు నోటికాడి మేతని. ఇన్నాళ్ళ మీ పగ మీ ఇద్దర్లో ఎవర్నీ తాకలా. తాకిందంతా నోరులేనివాటినే. ముందు ఈ తాడు పేనండి. ఆ తర్వాత కూడా కొట్టుకోవాలనే ఉంటే, నన్ను దాటి కొట్టుకోండి" అన్నది.

ముందుగా చిన్నవాడు కత్తి కింద పెట్టి గడ్డి ముందు కూర్చున్నాడు. అందరి ఎదుటా తల్లి మాట కాదనలేక పెద్దవాడు కర్ర అందుకున్నాడు. అన్న కోపంతో గుంజితే తాడు పుటుక్కున తెగింది. మళ్ళీ ముడివేశారు. తమ్ముడు మొండికేసి పరక అందించకపోతే సన్నబడి పురి విడిపోయింది. మళ్ళీ మొదలుపెట్టారు. తాడు నిలవాలంటే ఒకరి చేతులను ఒకరు గమనించక తప్పలేదు. ఆ బందెలదొడ్డి రోజుల తర్వాత వారు ఒకరినొకరు తేరిపార చూసుకోవడం అదే మొదలు. తాడు సగమయ్యాక చిన్నవాడి నోటినుంచి "కాస్త వదులన్నా" అన్న మాట వచ్చింది. పోలమాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

తాడు పేనడం ముగిసిందిగాని పగ ముగియలేదు. మనుషులు అంత తేలిగ్గా మారితే దేవుళ్ళకు పనేముంటుంది? అన్నదమ్ములిద్దరూ లేచి, ఎవరి బలగం వైపు వారు వెళ్ళి నిలుచున్నారు. విరూపాక్షయ్య తోరణం వెలిగించాడు. బోయీలు స్వామివారి పల్లకి ఎత్తుకుని నడిచారు. పోలమాంబ పల్లకిమీద చెయ్యి వేసి వెంట నడిచింది. సరిగ్గా మంట కిందికి వచ్చేసరికి ఆ పల్లకి కొండంత బరువై నేలకు దిగిపోయింది. బోయీలు ఎంత పెనుగులాడినా అది కదలకపోయేసరికి, పైనుంచి నిప్పురవ్వలు రాలుతుంటే భయపడి ఇవతలికి పరుగెత్తారు. తల్లి మాత్రం స్వామిని విడిచి రాలేదు. రమ్మని అందరూ కేకలు వేసినా, పల్లకి కదిలితేగాని తాను కదలనని అక్కడే నిలబడింది.

ముమ్మడినాయుడు కత్తి పారవేసి మంట కిందికి ఉరికాడు. తల్లిని ఎత్తుకురాబోతే ఆమె పల్లకిని వదలలేదు. అతడు ముందుదండె భుజానికెత్తుకుని లేపబోయాడు, లేవలేదు. ఆ క్షణాన అతడు గర్వం విడిచి, తూర్పున ఉన్న తన బలగంలో ఎవరినీ పిలవక, పడమటి వైపు తిరిగి, "తమ్ముడూ, రారా" అని పిలిచాడు. ఆ పిలుపు పూర్తికాకముందే వల్లభనాయుడు వెనుకదండె కింద భుజం పెట్టాడు. పల్లకి పూలబుట్టలా లేచింది. తలమీద జ్వాల రెండుగా చీలి దారి ఇచ్చిందనీ, ఆ ముగ్గురిలో ఎవరి వెంట్రుకా కమలలేదనీ, వారు దాటిన మరుక్షణమే అడ్డకొయ్య విరిగి పడిందనీ చెబుతారు.

ఉత్సవం ముగిశాక ముమ్మడినాయుడు కాలగా మిగిలిన గడ్డిని తన తలమీద పెట్టుకుని, వాగు దాటి, తమ్ముడి కొట్టంలోకి వెళ్ళి, చనిపోయిన ఆవు జతగత్తెల ముందు తన చేతులతో వేసి కన్నీరు పెట్టుకున్నాడు. వల్లభనాయుడు తన గడ్డివాముల్లో సగం బండ్లకెత్తించి తూర్పుపల్లెలకు తోలుకుపోయాడు. ఆ బండ్ల ముందు తానే నడిచాడు.

విడిపోయినవారి పొత్తు కుదిర్చిన ఆ స్వామి నాటినుంచి పొత్తులయ్యగా, ఆ గుట్ట పొత్తులగుట్టగా ప్రసిద్ధి పొందాయి. ఆనాటి తోరణపు కొయ్యలు రెండూ శిలలై నేటికీ అక్కడే ఉన్నాయి. లోపలి ముఖాలకు అంటిన మసి ఎన్ని వానలు కురిసినా పోలేదు. కార్తిక పౌర్ణమికి ఆ శిలలమీద కట్టే తోరణానికి, ఆ ఏడు మాటలు మానుకున్న ఇద్దరు మనుషులే ఎదురెదురుగా ఉండి గడ్డితాడు పేనాలి. మన మనుషుల పుణ్యమా అని ఇంతవరకు ఏ ఏడూ అటువంటి జంటకు కొరత రాలేదు. తోరణం దాటాక మిగిలిన గడ్డిని ఇద్దరూ చెరిసగం పంచుకుంటారు. అయితే దానిని ఎవరి గొడ్లకు వారు వేసుకోకూడదు. ఒకరి వాకిట్లోకి ఒకరు వెళ్ళి, ఎదుటివారి గొడ్లకే స్వహస్తాలతో వేసి రావాలి. మంట కింద నడవడానికి జంకనివారు ఆ వాకిటి ముందు గడ్డి పట్టుకుని చాలాసేపు నిలబడిపోవడం కద్దు. అందుకే ఆ రాత్రి పొత్తులగుట్ట చుట్టుపట్ల పల్లెల్లో ఏ ఇంటివారూ వీధి తలుపు మూయరు.