మూడు వ్యాజ్యాల ముళ్లపంది

నల్లబండ అడవిలో ఎవరి సంగతి ఎవరికీ అక్కర్లేదంటారు గానీ, అందరి సంగతీ అందరికీ తెలుసు. అడవిపంది స్నానానికి బయల్దేరితే బురదే పక్కకు తప్పుకుంటుంది. ముంగిస తాను చంపిన పాము కథ చెప్పిన ప్రతిసారీ ఆ పాము ఒక మూర పెరుగుతుంది. కుందేలు చెల్లాయమ్మకు పిల్లలెందరో ఆమెకే లెక్క తెలియదు. మనం అడగడం మర్యాద కాదు. ఇక ముళ్లపంది గవరయ్యకు మూడు వ్యాజ్యాలున్నాయి. అంతకుమించి ఏమీ లేదు.

మూడూ ఒక్క దుంపల గట్టు గురించే. గవరయ్య బొరియ ముందు మొదలై, ముగ్గురు పొరుగువాళ్ల హద్దులూ తాకుతూ వాగు దాకా పోయే చిన్న గట్టు అది. దాని మీద కుందేలుతో ఒక కేసు, ముంగిసతో ఒకటి, అడవిపందితో ఒకటి. మూడూ వేసింది గవరయ్యే. ఇతనికింత దుంపల పిచ్చేమిటని అడవంతా ముక్కున వేలేసుకుంది. నిజానికి గవరయ్యకు దుంపలు పడవు, తింటే కడుపుబ్బరం.

అసలు సంగతి వేరు. ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది. వాదీ ప్రతివాదీ కోర్టుకు కలిసే నడిచి రావాలి. ఒకరు ముందొచ్చి జడ్జీ చెవి కొరుకుతారేమోనని పెద్దలు చేసిన ఏర్పాటు. కాబట్టి వాయిదా రోజు పొద్దున్నే ఎవరో ఒకరు గవరయ్య బొరియ ముందు నిలబడి "బయల్దేరదామా?" అనక తప్పదు. మామూలు రోజుల్లో ఆ గుమ్మం తొక్కేదెవరు? ఆ ముళ్లకు జడిసి గాలి కూడా చుట్టు తిరిగి పోతుంది. సాయంత్రాలు గవరయ్య తన తోక తానే ఆడించుకునేవాడు. ముళ్లు గలగలమనగానే, "ఆఁ, వస్తున్నా" అనేవాడు. ఎవరూ పిలవలేదని అతనికీ తెలుసు.

వాయిదా దారి అలా ఉండేది కాదు.

"మామా, నీకు బుద్ధుందా? అది మా తాతల నాటి హద్దు!" అని చెల్లాయమ్మ ఎగిరిపడేది.

"నీ తాతెవరో మీ అమ్మనే అడగాలి కోడలా" అనేవాడు గవరయ్య ఆనందంగా.

తిట్లు అయిపోయాక కూడా దారి మిగిలేది. అప్పుడామె చిన్నపిల్ల దగ్గు గురించి చెప్పేది. ముంగిసైతే పాము కథ చెప్పేది. అడవిపంది ఏమీ చెప్పేది కాదు గానీ పక్కనే నడిచేది. గవరయ్యకు అదే పండగ.

తగువులు త్వరగా తెగిపోకుండా అతను ఒక్కో కేసులో ఒక్కో మాట చెప్పాడు. గట్టు తన తాత తవ్వుకున్నదని కుందేలు కేసులో. ముంగిస తండ్రే ఇప్పపూలు పుచ్చుకుని బదులుగా ఇచ్చాడని ముంగిస కేసులో. ఎవరిదీ కాని బంజరైతే తానే బాగుచేశానని అడవిపంది కేసులో. జడ్జీ ఎలుగుబంటిగారికి నిద్ర తప్ప మరో దురలవాటు లేదు కనుక, ఒక కేసులో విన్నది ఇంకో కేసు నాటికి గుర్తుండేది కాదు.

ఒకనాడు వాగు దగ్గర ముంగిస నోట ఇప్పపూల మాట చెల్లాయమ్మ చెవిన పడింది. తన కేసులో గవరయ్య చెప్పింది అది కాదు. ఆ చెవులు ఊరికే అంత పొడవు కాలేదు.

"మామా, ఒక్క గట్టుకు మూడు కేసులేమిటి? మూడూ కలిపి ఒకటి చెయ్యమని జడ్జీగారిని అడుగు" అంది తర్వాతి వాయిదా దారిలో.

"ఎందుకు?"

"ఎందుకేమిటి! నలుగురం కలిసి పోవచ్చు. దారిలో కబుర్లు చెప్పుకోవచ్చు. తీర్థానికి వెళ్లినట్టుంటుంది."

గవరయ్య ముళ్లన్నీ లేచి నిలబడ్డాయి. సంతోషం వచ్చినా అతనికి లేచేవి అవే, పాపం. చెల్లాయమ్మ రెండు గంతులు వెనక్కి వేసింది.

ప్లీడరు నక్క మాత్రం తల బాదుకుంది. "గవరయ్యా, మూడు అబద్ధాలు మూడిళ్లలో ఉంటేనే కాపురం చేస్తాయి. ఒక ఇంట్లో పెడితే జుట్లు పట్టుకుంటాయి. గట్టు పోతుంది."

"నలుగురం కలిసి నడుస్తామండీ."

"నడిచి?"

"నడుస్తాం."

నక్క కాసేపు అతని మొహం చూసి అర్జీ పెట్టింది. జడ్జీగారు వెంటనే ఒప్పుకున్నారు. గట్టు ఒకటే, తేల్చాల్సిన ప్రశ్నా ఒకటే. కాబట్టి ఇకపై విచారణ ఒకటి, తీర్పు ఒకటి.

ఆ రోజు గవరయ్య గుమ్మం ఊడ్చి, రేగుపళ్లు ఏరి, మోదుగాకులో పొట్లం కట్టాడు. ముగ్గురూ వచ్చారు. దారి ఇద్దరికి సరిపోతుంది, ముగ్గురు సర్దుకున్నారు. నాలుగోవాడికి, అందులోనూ ముళ్లున్నవాడికి, వెనకే చోటు. పొట్లం ముందుకు అందించాడు. అది వెనక్కి రాలేదు.

ముందు ముగ్గురూ ఏదో చెప్పుకుని పగలబడి నవ్వారు. అడవిపంది కూడా నవ్వింది. మాటలు అందలేదు గానీ, అందరూ నవ్వుతున్నారు కదా అని గవరయ్య వెనక నుంచి తానూ నవ్వాడు.

కోర్టులో ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు, గవరయ్య తమ తమ కేసుల్లో చెప్పిన మాటే అప్పజెప్పారు. జడ్జీగారికి జన్మలో మొదటిసారి నిద్ర ఎగిరిపోయింది.

"తాతదా, ఇప్పపూలకు వచ్చిందా, బంజరా? ఏదయ్యా నిజం?"

గవరయ్య ముగ్గురి వంకా చూశాడు. ముగ్గురూ ఒకే పక్కన కూర్చున్నారు.

"తమరికి ఏది తోస్తే అదేనండీ" అన్నాడు.

గట్టు ముగ్గురికీ పంచేశారు. కోర్టుకు వచ్చేటప్పుడు కలిసి రావాలన్న కట్టుబాటు ఉంది గానీ, తిరిగి వెళ్లేటప్పుడు లేదు. కొత్త దుంపలు చూసుకోవాలని ముగ్గురూ పరుగందుకున్నారు. "వస్తాం మామా" అని చెల్లాయమ్మ అరిచింది. మర్యాదకు అనే మాట అది, ఎవరూ రారు.

గవరయ్య నక్క దగ్గరికి వెళ్లాడు. "అప్పీలు వెయ్యండి."

"ఓడిపోతావు."

"తెలుసండీ. వాయిదాలెన్ని పడతాయి?"

నక్క ఎన్నడూ లేనిది, నేల చూపులు చూసింది. "పడతాయి గానీ, పై కోర్టు ఏటి అవతల. అక్కడికి మీరెవరూ రానక్కర్లేదు గవరయ్యా. నేనొక్కదాన్నే వెళ్లొస్తాను."

నీతి: తోడు కోసం తగువు పెట్టుకున్నవాడికి తీర్పు ఎటు వచ్చినా ఓటమే.