పోచన్న కట్టిన ఒకే ఒక్క గూడు

అనగనగా ఒక అడవిలో, మంచు పొగలా నేలమీద పాకే చోట, పోచన్న అనే గిజిగాడు ఉండేవాడు. గూడు అల్లడంలో వాడికి వాడే సాటి. ఆ సంగతి అందరికీ చెప్పేది కూడా వాడే!

ఆ వానాకాలం ఒక పాము గుడ్ల వేటకు దిగింది. పావురం, తాబేలు, కప్ప బెదిరిపోయి పోచన్న దగ్గరికి వచ్చాయి.

"అన్నా, మా గుడ్లకు ఒక చోటు కట్టిపెట్టవూ?" అంది కప్ప.

"అదెంత పని!" అని పోచన్న కళ్లు మూసుకున్నాడు. ఊహలో పెద్ద గూడొకటి మబ్బులా మెల్లగా ఊగింది. దాని నిండా గుడ్లే. ఎవరి గుడ్డు ఎలా బతుకుతుందో అడగాలని మాత్రం తోచలేదు.

కుంట మీదికి వంగిన కొమ్మకు కిందుగా వేలాడే గూడు తయారైంది.

"ఎంత మెత్తగా ఉందో తమ్ముడూ!" అని మురిసిపోయింది పావురం.

"ఇసుకేదీ నాయనా?" అంది తాబేలు.

"నీళ్లేవీ అన్నా?" అంది కప్ప.

"గుడ్డంటే గుడ్డే కదా! ఒక్కొక్కరిదీ ఒక్కో వంకా?" అని విసుక్కున్నాడు పోచన్న. పాము భయంతో అవి ఎదురు చెప్పలేక, తమ గుడ్లన్నీ ఆ గూట్లోనే పెట్టాయి.

మర్నాడు ఎండ కాసింది. కప్ప గొల్లుమంది. "అన్నా, నా పిల్లలు కదలడం లేదు!"

కప్ప గుడ్ల జిగురు ముద్దలో నల్లచుక్కలు ఎండిపోతున్నాయి. పోచన్న గూటి దగ్గరికి ఎగిరొచ్చాడు. గూటి అడుగు తెంచి ముద్దను కుంటలోకి వదులుదామంటే, పావురం గుడ్లూ తాబేలు గుడ్లూ కూడా రాలిపోతాయి. అన్నిటినీ కలిపి అల్లింది తనే మరి!

ముక్కుతో నీళ్లు తెచ్చి ముద్ద మీద చిలకరిస్తూనే ఉన్నాడు. ఈలోగా పావురం, తాబేలు తమ గుడ్లను మెల్లగా దించుకున్నాయి. అప్పుడు తన చేతి గూటిని తానే చీల్చేశాడు. ముద్ద కుంటలో పడింది. పొద్దువాలే వేళకు ఒక చుక్క కదిలింది. తర్వాత ఇంకొకటి. పోచన్న ఏడ్చేశాడు.

ఈసారి అందరినీ అడిగి కట్టాడు. పావురానికి కొమ్మమీద గూడు. తాబేలుకు ఇసుక గుంట. కప్పకు ముళ్లకంచె వేసిన నీటిమడుగు. మూడింటినీ కలుపుతూ ఒకే తీగ, దానికి ఎండిన దిరిసెన కాయలు. పాము ఎక్కడ తగిలినా అన్నిచోట్లా గలగలమంటాయి. అంతకుమించి ఒకదానితో ఒకదానికి పని లేదు.

మరుసటి వానలకు ఒక తొండ వచ్చింది. "మామా, నా గుడ్లకూ ఒక చోటు కడతావా?"

పోచన్న అలవాటుగా కళ్లు మూసుకున్నాడు. వెంటనే తెరిచాడు.

"ముందు నువ్వు చెప్పమ్మా. నీ గుడ్లకేం కావాలి?"

నీతి: గూడయినా, మీ అమ్మ ఆఫీసులో కంప్యూటర్లో కట్టే ఆన్‌లైన్ దుకాణమయినా, వాడేవాళ్లను అడిగే కట్టాలి, ఒకటి మారిస్తే ఇంకొకటి కూలకుండా కట్టాలి.