డోలు సన్నాయిలతో నేతికుండ

ఏ రాజ్యంలోనో కాలువ తూము తాళంచెవి గవర్రాజనే అధికారి మొలకు వేలాడేది. నూకాలనే రైతు తన పసుపుచేను ఎండిపోతోందని నీళ్ళడిగితే, "గుట్టుగా నేతికుండ ఇంటికి పంపు, నీళ్ళొస్తాయి" అన్నాడు.

"అన్నయ్య అడిగితే కాదంటానా!" అంది నూకాలు.

మర్నాడు పెళ్ళి సారెలాగా కుండకు పసుపు రాసి, డోలు సన్నాయిలతో ఊరేగిస్తూ బయల్దేరింది. "నీళ్ళు వదలడానికి అధికారి అన్నయ్య అడిగిన సారె! సారె ఊరికి పంచాలిగా, గిన్నెలు తెచ్చుకోండి!" అని దారంతా చెప్పింది. ఊరంతా వెంటబడింది.

గవర్రాజు గుమ్మంలోకి ఉరికొచ్చాడు. "దణ్ణం పెడతానే తల్లీ, ఆ డోలు ఆపించు! రాజుగారికి వినబడుతుంది."

"నీళ్ళ చప్పుడు వినబడగానే ఆపేస్తారన్నయ్యా."

గవర్రాజు తూముకేసి పరుగెత్తాడు. నీళ్ళు వదిలి వచ్చేసరికి కుండలో గరిటెడు నెయ్యే మిగిలింది. దాన్ని నూకాలే ఆయన కంచంలో వేడన్నం మీద వేసింది.

"మళ్ళీ ఏం కావాలన్నా మొహమాటపడకండన్నయ్యా, డోలువాళ్ళు మనవాళ్ళే."