బాగుపడిన షట్టరు

“తప్పని తెలిసి కూడా దాంతోనే కాపురం చేస్తారేం మాస్టారూ?” అని భానోజీ ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు. అడిగింది మనిషి గురించి కాదు, కెమెరా గురించి. అనకాపల్లిలో పరదేశం మాస్టారి స్టూడియోలో ఉన్న ఆ పాత కెమెరాకి షట్టరు మహా బద్ధకం. సెకనులో నూరోవంతు తెరుచుకుని మూసుకోమంటే, దానికి నాలుగింతలు తెరుచుకుని కూర్చునేది. దాని మానాన వదిలేస్తే వెలుతురెక్కువై మొహాలకు సున్నం కొట్టినట్టే. అందుకని మాస్టారు ప్రతి ఫొటోకీ లెన్సు చుట్టూ ఉన్న రింగును రెండు గుర్తులు బిగించి, లోపలికొచ్చే వెలుతురును ఆ మేరకు తగ్గించేవారు. ఎన్నో ఏళ్ల అలవాటు కదా, వెలుతురు కొలిచే మీటరు చూడగానే చెయ్యి తనంతట తనే అటు తిరిగేది. శిష్యుడి ప్రశ్నకు ఆయన నవ్వి, “దాని సంగతి నాకు తెలుసు కదరా,” అని ఊరుకున్నారు.

ఆ జవాబు భానోజీకి రుచించలేదు. గుమాస్తా ఉద్యోగం మానుకుని మరీ విద్యకు వచ్చినవాడు, గురువుగారికి ఏదో ఒకటి చేసి చూపించాలని ఒకటే ఆరాటం. మాస్టారు తమ్ముడింట పెళ్లికి వెళ్లిన అదను చూసి, కెమెరాను విశాఖపట్నం పట్టుకెళ్లి, షట్టరు విప్పించి, మట్టి తీయించి, చెప్పినంతసేపే తెరుచుకునేట్టు బాగుచేయించి తెచ్చాడు. గురుపూర్ణిమ నాడు కాళ్లకు దణ్ణం పెట్టి చెబుదామని అంతవరకూ గుట్టుగా ఉంచాడు. గురుదక్షిణ సంగతి ముందే చెప్పేస్తే ఇంకేం సొగసు!

పూర్ణిమ ఇంకా రానేలేదు, మాస్టారు పెళ్లి నుంచి తిరిగొచ్చిన రోజే బంగారమ్మ అనే ఆవిడ మొగుణ్ణి చెయ్యి పట్టుకుని స్టూడియోకి తీసుకొచ్చింది. ఫొటో దిగితే ఆయుష్షు తరుగుతుందని ఆ ముసలాయన జన్మంతా తప్పించుకు తిరిగాడట. ఇప్పుడు గుండెకి ఆపరేషను. సాయంత్రం బస్సుకి పెద్దాసుపత్రికి బయల్దేరుతున్నారు.

“ఒక్కటంటే ఒక్కటే బాబూ. మళ్లీ కూకోమంటే కూకోడు,” అంది బంగారమ్మ.

భానోజీ తెల్లగుడ్డ పట్టుకుని, వాళ్ల మొహాల మీదకు వెలుగు పడేట్టు నిలబడ్డాడు. మాస్టారు మీటరు చూశారు. ఆయన వేళ్లు రింగు మీదకు వెళ్లి, అలవాటు చొప్పున రెండు గుర్తులు బిగించాయి. షట్టరు బాగుపడిన సంగతి భానోజీకి అప్పుడు గుర్తొచ్చింది. నోరు తెరిచేలోగా షట్టరు టక్కుమంది. అప్పటికైనా చెప్పవచ్చు, ముసలాయన ఇంకా కుర్చీలోంచి లేవలేదు. కానీ ఊరకున్నంత ఉత్తమం లేదన్న మాట మనకెప్పుడూ నోరు విప్పాల్సిన వేళే గుర్తొస్తుంది. వెలుతురు కాస్త తగ్గితే ఫిల్ము ఆ మాత్రం ఓర్చుకోకపోతుందా అని భానోజీ తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

దంపతులు బస్సెక్కేలోగా ఫొటో చేతికిద్దామని మాస్టారు వెంటనే ఫిల్ము కడిగారు. వెలుతురుకెత్తి చూశారు. మనుషులుండాల్సిన చోట ఫిల్ము గాజుపలకలా ఖాళీగా ఉంది. భానోజీ జరిగిందంతా చెప్పాడు. మాస్టారు కెమెరా చంకన పెట్టుకుని, చెప్పులైనా తొడుక్కోకుండా బస్టాండుకి పరిగెత్తారు. బస్సు అప్పటికే వెళ్లిపోయింది.

ఆ ముసలాయన మరి తిరిగి రాలేదు. ఆపరేషను బల్ల మీదే ప్రాణం పోయింది.

కర్మకాండలు అయ్యాక బంగారమ్మ వచ్చింది. ఆ ఫిల్ములోంచి రాబట్టగలిగినంతా రాబట్టి మాస్టారు వేసిన ఫొటోను గుమ్మంలోకి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. చీరకొంగుతో తుడిచి మళ్లీ చూసింది.

“తలపాగా మా ఆయినదే. మొకమేది బాబూ?”

అంతవరకూ భానోజీ తను పాడుచేసింది ఒక ఫిల్మునే అనుకున్నాడు. మాస్టారు రెండు చేతులూ జోడించి, “తప్పు నాది తల్లీ,” అన్నారు. ఆవిడ ఆ తలపాగానే కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

“మీ తప్పేముంది మాస్టారూ! చేసింది నేను,” అని భానోజీ బావురుమన్నాడు. “పాడైనదాన్ని బాగుచేయించడమే పాపమైపోయిందా?”

మాస్టారు కెమెరాను తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

“బాగుచేయించినందుకు నిన్నేమీ అననురా. ఇన్నేళ్లూ ఇది అబద్ధమే చెప్పింది, నాకు తెలిసే చెప్పింది. ఆ వేళ నిజం చెబుతోందని నాకెవరు చెప్పారు?”